పళ్లెంలో తీగ ముక్కలు

మొన్న ముసురు వెలిసిన నాలుగో రోజున మా మనవడి కారు ఇంటి ముందే మొండికేసింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా కిక్కురుమనలేదు. వాడికి నా పోలిక ముక్కులోనే కాదు, కోపంలో కూడా వచ్చింది. "గా డ్రైవర్ పనే నానమ్మా! మొన్న జర గట్టిగ అన్న గద, గా కోపంతోని ఏదో పీకిపెట్టి పోయిండు" అని వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేలా అరిచాడు. ఎదురింటివాళ్లు అరుగు మీదికొచ్చి, అయ్యో అట్లాంటివాడా అని నోళ్లు నొక్కుకున్నారు. ఆ డ్రైవర్ ఆదివారం ఆదివారం వచ్చి బండి నడిపి పోయే నెమ్మదైన మనిషి. నేను కర్ర పట్టుకుని గడప దాటి, "ముందుగాల మూత తెరిపియ్యిరా, అటెన్క నోరు తెరువు" అన్నాను. మెకానిక్కు వచ్చి బానెట్టు ఎత్తేసరికి లోపల పల్లికాయ పొట్టు, గుడ్డ పీలికలు, కొరికిపడేసిన వైర్లు. చూసినవాళ్లంతా ఘొల్లున నవ్వారు. మనవడు కూడా నవ్వేసి చేతులు దులుపుకున్నాడు. నేను నవ్వలేదు. "ఆ ముక్కలు రెండు నాకియ్యి నాయనా" అని చెయ్యి చాస్తే, ముసలమ్మకు మతి చలించిందేమోనని మెకానిక్కు మనవడి మొహం చూశాడు. నా పెట్టె అడుగున ఒక ఇత్తడి బరిణె ఉంది. అందులో అలాంటి ముక్కలే నాలుగు, ఈ మనవడి తండ్రి కన్నా పెద్ద వయసువి, దాచుకున్నాను.

అరవై అయిదు నాటి యుద్ధం జరుగుతున్న రోజులవి. వనపర్తిలో మా ఆయన మేనమామకు ఒక లారీ ఉండేది. వరసకు ఆయన నాకు పెద్దనాయన. నాగర్‌కర్నూల్ వైపు ఊళ్ల నుంచి పల్లికాయ బస్తాలు తెచ్చి రైలు స్టేషన్లో దింపడం లారీ పని. నడిపేది మా ఆయన. మేనమామ తాతల నాటి నుంచి ఎడ్లబండ్లు తోలించిన మనిషి. బండ్లన్నీ అమ్మి లారీ కొన్నాడు గానీ, ఎద్దుతో మాట్లాడే అలవాటు మాత్రం అమ్ముకోలేకపోయాడు. ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు పక్క సీట్లో కూర్చుని "హో, హో, పద తల్లీ" అని దాన్ని అదిలించేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద తడిపిన గోనెపట్టాలు కప్పించేవాడు. ఒకసారి రేడియేటరులో మజ్జిగ పొయ్యబోతే మా ఆయన రెండు చేతులూ పట్టుకుని ఆపాడట. మంచివాడు కాడని నేను అనను. అనవలసినవి వేరే ఉన్నాయి, వాటి దగ్గరికే వస్తున్నాను.

వానాకాలం వచ్చిందంటే వాగులు పొంగి, నల్లరేగడిలో చక్రాలు దిగబడిపోయి లారీ కదిలేది కాదు. జోరువానలు మొదలైనప్పటి నుంచి దసరా దాకా కొట్టంలోనే ఉండేది. ఆ కొట్టానికీ మేనమామ సావిడికీ మధ్య ఒకటే మట్టిగోడ. కొట్టానికి ఇవతల మేం ఉండే గది. నేనూ, మా ఆయనా, మా అత్తా. అత్త అంటే మేనమామకు స్వయానా చెల్లెలు. బండ్లున్న రోజుల్లో వానలు పడగానే తోలు వారులకు, పగ్గాలకు ఆముదం పట్టించి, మూట కట్టి దూలానికి వేలాడదీసేవాళ్లట. తోలు ఎండి పగలకూడదని ఆముదం, ఎలుక అందుకోకూడదని దూలం. లారీ వచ్చాక కూడా మేనమామ ఆ పద్ధతి వదల్లేదు. ఆ ఏడు బానెట్టు ఎత్తించి, తన పాత ఎర్ర రుమాలు చింపి, ఒక్కొక్క వైరుకూ తన చేత్తో నూనె పట్టించాడు. అదీ ఆముదం కాదు. బండికి ఆముదం చాలునట, మోటారుకు అది నామోషీ అట. గానుగ నుంచి అప్పుడే తెచ్చిన కమ్మటి పల్లి నూనె పూశాడు.

"మామా, గివి తోలు వారులు గావు, వైర్లు. గుడ్డ చుట్టిన తీగలు. నూనె వద్దు" అన్నాడు మా ఆయన.

"నువ్వు పుట్టకముందుకెంచి బండ్లు తోలిపిస్తున్న. నాకు చెప్తవారా?" అన్నాడు మేనమామ. పూయడమైతే పూశాడు గానీ లారీని దూలానికి ఎవరు వేలాడదీస్తారు? అది నేల మీదే ఉంది, పల్లి నూనె వాసన కొట్టుకుంటూ.

దసరాకు పది రోజుల ముందు గద్వాల నుంచి ఒక షావుకారు మా ఆయనకు కబురు పెట్టాడు, కొత్త లారీ కొంటున్నాను, నడుపుతావా అని. మా ఆయన దాపరికం లేని మనిషి. ఆ మాట మేనమామకు చెప్పే, పుట్టి పడవలో కృష్ణ దాటి పోయి మాట్లాడి వచ్చాడు. మేనమామకు అది కడుపులో పెట్టుకోలేని సంగతి. అయినా పండగ ఏర్పాట్లు ఎప్పటిలాగే చేయించాడు. పండగనాడు లారీకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. ఊరి పెద్దలను నలుగురైదుగురిని పిలిచి సావిడి ముందు కూర్చోబెట్టాడు. కొబ్బరికాయ కొట్టారు. మా ఆయన ఇంజను ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాడు, తిప్పాడు, చొక్కా తడిసి ఒంటికి అతుక్కునేదాకా తిప్పాడు. లారీ దగ్గనైనా దగ్గలేదు. మూత తెరిస్తే వైర్లు తెగి వేలాడుతున్నాయి.

మేనమామ అందరి వైపూ ఒకసారి చూసి, "గద్వాలకు పోయేటోడు ఊకె పోతడా? నా బండి కాళ్లు ఇరగ్గొట్టి పోతుండు. నువ్వే కోసినవ్ రా" అన్నాడు.

"నేను గాదు మామా. ఎలుకలు కొరికినయ్, సూడు జర" అన్నాడు మా ఆయన, ఒక తీగ కొస చేత్తో పట్టుకుని.

మేనమామ చూడలేదు. పెద్దల వైపే తిరిగి, "ఇదే కొట్టంల గుమ్ముల నిండ విత్తనం పల్లికాయ ఉన్నది. ఎలుక పల్లికాయ ఇడిచిపెట్టి తీగ తింటదా? మీరే చెప్పుండ్రి" అన్నాడు. వాళ్లకు ఆ మాట న్యాయంగానే తోచింది. తలలూపారు. ఆ ఊగిన తలలన్నీ నాకు ఇప్పటికీ గుర్తే, ఎవరిది ఏ రంగు రుమాలో కూడా చెప్పగలను. తాళం అక్కడ పెట్టి, శుక్రవారం లోపల గది ఖాళీ చెయ్యమన్నాడు. కర్నూలు నుంచి వేరే డ్రైవర్ వస్తాడన్నాడు. మూడు రోజులు తిరక్కుండానే ఆ కబురు మా కన్నా ముందు కృష్ణ దాటింది. వైర్లు కోసే మనిషి మాకొద్దని గద్వాల షావుకారు చెప్పి పంపాడు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, ఆ ఒక్కదానికీ మచ్చ పడింది. ఇక ఈ చుట్టుపక్కల ఎవరూ మా ఆయన చేతికి బండి ఇవ్వరు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని అన్నం దగ్గర కూడా తలెత్తేవాడు కాదు. మా అత్త తోడబుట్టినవాణ్ణి అనలేక, కన్నకొడుకు మొహం చూడలేక, ఏరిన కందులే మళ్లీ ఏరుతూ ఉండేది.

నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మగవాళ్ల ముందు నోరెత్తే వీలు లేదు గానీ, కొట్టం ఊడవడం నా వంతే. చీపురు పట్టుకుని లోపలికి పోయి ముందు గుమ్ముల చుట్టూ తిరిగాను. వెదురు గుమ్ములకు మట్టీ పేడా కలిపి మెత్తింది నేనే, మూతులకు వేపాకు పెట్టి మూసింది కూడా నేనే. ఎక్కడా గోరంత పెచ్చు లేవలేదు. అప్పుడు తట్టింది. మూడు నెలలు పల్లికాయ వాసన పీల్చుకుంటూ ఒక్క గింజా అందక తిరిగిన ఎలుకలకు, ఆ కొట్టం మొత్తంలో నాలుకకు అందేది పల్లి నూనె పూసిన తీగ ఒక్కటే. వెనక చక్రం పక్కన, సావిడి గోడ మొదట్లో, బొరియ కనిపించింది. పిడికిలి కన్నా పెద్దది. ఎలుకది కాదు, పందికొక్కుది. దాని నోట్లో ఎర్ర రుమాలు పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది. పండగ తరువాత అంత సంతోషం నాకు అదే మొదలు.

మా ఆయనకు చెబితే మెల్లగా పోయి మామకు చెబుదాం అంటాడని చెప్పలేదు. శుక్రవారం పొద్దున కర్నూలు డ్రైవర్ వచ్చాడు. మేనమామ మళ్లీ ఆ పెద్దలనే పిలిచి సావిడిలో కూర్చోబెట్టాడు. నేను ఎదురుచూసింది దానికే. బొరియలో పొగ పెడితే పందికొక్కులు ఎటో ఒకవైపు బయటపడతాయి, ఆ పెద్దల కళ్లబడతాయి. కుండ అడుగున బొక్క కొట్టి, లోపల పిడకల నిప్పు వేసి, పైన ఎండుగడ్డి కూరి, మిరపకాయలు గుప్పెడు తీసుకున్నాను. వెనక నుంచి మా అత్త చాట నిండా మిరపకాయలు తెచ్చి నా పక్కన పెట్టింది.

"గుప్పెడు ఏడ సరిపోతయి? నా కొడుకును దొంగ అన్నడు. అన్నీ ఎయ్యి" అంది.

కుండ మూతిని బొరియకు ఆనించి, చుట్టూ మట్టి మెత్తి, అడుగు బొక్కలో ఊదుగొట్టం పెట్టి ఊదాం. ఒకరి తరువాత ఒకరం, కళ్ల నీళ్లు కారుతున్నా ఊదాం. గోడకు అవతల ముందు ఒక దగ్గు, తరువాత నాలుగు దగ్గులు, తరువాత "ఓర్నాయనో" అన్న కేక వినిపించాయి. బొరియ రెండో నోరు సరిగ్గా మేనమామ కూర్చునే బల్ల కిందికే తెరుచుకుని ఉందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఇంకో చాట మిరపకాయలు తెప్పించేదాన్ని. పరుగెత్తుకుపోయి తలుపు చాటు నుంచి చూస్తే, మేనమామ బల్లెక్కి నిలబడ్డాడు. ఆకుపచ్చ రుమాలు పెద్దమనిషి ఒడిలోంచి పిల్లి అంత పందికొక్కు దూకి పారిపోయింది. తలలూపినవాళ్లంతా కళ్లు నులుముకుంటూ, తుమ్ముతూ, ఒకరినొకరు తొక్కుకుంటూ గడప దాటుతున్నారు. ఆ దృశ్యం తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఆకలి బాగా వేస్తుంది.

గందరగోళం విని మా ఆయన వచ్చాడు. పొగ తగ్గి పెద్దలు మళ్లీ లోపలికి రాగానే మా అత్త గడ్డపార కొడుకు చేతికిచ్చి, బల్ల కింద తవ్వమంది. మూరెడు లోతున గూడు బయటపడింది. ఎర్ర రుమాలు పీలికలు, లారీ వైర్ల మీది గుడ్డ, తీగ ముక్కలు. కర్నూలు డ్రైవర్ ఒక ముక్క తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇది కత్తితో కోసింది కాదు సామీ, పండ్లతో కొరికింది" అన్నాడు. వేళ్లు వాసన చూసుకుని, "వైర్లకు నూనె పూసిందెవరు?" అని అడిగాడు. అందరి ఎర్రటి కళ్లూ మేనమామ వైపు తిరిగాయి.

నేను తలుపు చాటు నుంచే, "పెద్దనాయనా, పండుగ నాడు అందరి ముందట అన్న మాట, ఇప్పుడు అందరి ముందట ఎనక్కి తీసుకో" అన్నాను. మేనమామ బల్ల దిగాడు. రుమాలు సర్దుకున్నాడు. తాళం మా ఆయన చేతిలో పెట్టి, "వైర్లు తెప్పిస్త. రేపెల్లుండి స్టేషన్కు లోడున్నది" అన్నాడు. అంతే. మా ఆయన తాళం తీసుకున్నాడు. తీసుకున్నందుకు ఆయనతో నేను మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఉప్పు అయిపోయిందని చెప్పక తప్పలేదు. గద్వాల షావుకారు మళ్లీ పిలిచినా మా ఆయన పోలేదు. మాట రాకపోతే ఏమాయె, తాళం ఇచ్చిండు గద అనేవాడు. కానీ నాకు తెలుసు. ఆ తరువాత లారీ ఎక్కడ ఆగినా, దిగి నలుగురూ చూసేలా మూత ఎత్తి వైర్లు చూసుకునేవాడు. ఇంతకుముందు ఆ అలవాటు లేదు.

ఎలుకల సంగతి నేను చూసుకున్నాను. ఆ ఏటి నుంచి వానలు రాగానే వైర్లన్నీ విప్పించి, మూట కట్టి, వెనకటి వారుల్లాగే దూలానికి వేలాడదీయించాను. బానెట్టు తెరిచే ఉంచి వెలుతురు పడనిచ్చాం. కొట్టంలో గుమ్ములు తీయించాను. చంపిన పందికొక్కుకు ఒక గీత చొప్పున గోడ మీద బొగ్గుతో గీసేదాన్ని. గోడ నిండింది, నా కడుపు నిండలేదు. అందుకని మరుసటి దసరాకు పూజ పళ్లెంలో పసుపు కుంకుమల పక్కన ఆ నాలుగు తీగ ముక్కలు పెట్టి, మేనమామ ముందు దించాను. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు. పూజ పళ్లెం తోసెయ్యలేడు. లారీకి బొట్టు పెట్టి, వాటికీ పెట్టాడు. ఆ మరుసటి ఏడూ పెట్టాను. ఎనిమిది దసరాలు పెట్టాను. "ఇగ సాలు పిల్లా, మా అన్న ముసలోడైతుండు" అని అత్త బతిమాలింది. నోరు ముసలిది కాలేదు గదా అన్నాను.

తొమ్మిదో దసరాకు మా ఆయన లేడు. ఎండాకాలంలో కడుపునొప్పి అని దవాఖానకు పోయిన మనిషి తిరిగి రాలేదు. ఆ పండగకు నేను గది దాటలేదు. మేనమామే కబురు పెట్టాడు, పళ్లెం తెమ్మని. తీసుకుపోయాను. ఆయనకు చూపు సరిగా ఆనడం లేదు. వేళ్లతో తడిమి తడిమి ముక్కలు వెతికి, బొట్టు పెట్టి, లేచి నిలబడ్డాడు. ఆనాటి పెద్దల్లో ఇద్దరే మిగిలారు. వాళ్ల వైపు తిరిగి, "నా అల్లుడు కొయ్యలే. ఎలుకలు కొరికినయ్. నూనె పూసింది నేనే. గా దినం తప్పు మాట అన్న" అన్నాడు. తొమ్మిదేళ్లు ఆ మాట కోసం కాచుకుని కూర్చున్నాను. విన్నాక ఒళ్లు మండిపోయింది. వినవలసినవాడు కొట్టం గోడకు ఆనుకుని తలవంచుకుని కూర్చున్నప్పుడు ఈ గొంతు ఎక్కడికి పోయింది? పళ్లెం తీసుకుని వచ్చేశాను. మేనమామ పోయినప్పుడు అందరితో పాటు ఏడ్చాను. క్షమించడం మాత్రం చేతకాలేదు.

అందుకే మొన్న మనవడు చేతులు దులుపుకుని లోపలికి పోబోతుంటే కర్ర అడ్డం పెట్టాను. డ్రైవర్ను పిలిచి, ఇదే వాకిట్లో, ఈ అరుగుల మీదివాళ్ల ముందే చెప్పమన్నాను. "ఆదివారం వస్తడు గద నానమ్మా, అప్పుడు చెప్త తియ్" అన్నాడు.

"ఆదివారం దాక ఎవరుంటరో ఎవరు పోతరో నీకు తెల్సా?" అన్నాను.

నా మొహంలో ఏం చూశాడో, ఫోను తీశాడు. మధ్యాహ్నానికి ఆ మనిషి వచ్చాడు. ఎదురింటివాళ్లను నేనే కేకేసి నిలబెట్టాను. మనవడు చెప్పాడు, గొణగకుండా చెప్పాడు. డ్రైవర్ సిగ్గుపడి, పర్వాలేదు సార్ అని నవ్వుతూ తల పైకెత్తాడు. ఆ ఎత్తిన తల చూశాక లోపలికి పోయి బరిణె తీసి, కొత్త ముక్కలు రెండూ పాత నాలుగింటి పక్కన వేశాను. మా ఆయనకు తొమ్మిదేళ్లయినా అందని మాట ఈ మనిషికి పూట తిరగకముందే అందింది. ఇన్నేళ్లు గడిచినందుకు నాకు దక్కింది అంతే. మేనమామ మీది కోపం మాత్రం పెట్టినచోటే ఉంది, బరిణె మూత తీస్తే ఇంకా పల్లి నూనె వాసనే వస్తుంది.