లచ్చవ్వ పేరు మీద వేలు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక వేలు. నా కుడిచేతి బొటనవేలు. దానితో చేసిన పని ఇంట్లో చెప్పలేదు, దర్గాకు పోయినప్పుడు కూడా మనసులోనే దిగమింగుకున్నాను. ఎవరో తెలియని మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

తెలంగాణ కొట్లాట జోరుగా ఉన్న రోజులు. కోరుట్ల అవతల పింఛన్లిచ్చే ఒక చిన్న ఆఫీసులో నేను కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్ని. జగిత్యాల నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. అంతకుముందు పింఛన్లకు ఒక రిజిస్టరు, ఒక స్టాంపు ప్యాడు సరిపోయేవి. ఆ స్టాంపు ప్యాడు చేసే పనికి సర్కారు ఒక మిషన్ పంపింది. దానికో బ్యాటరీ, బ్యాటరీకో గది, గదికో కూలరు. మనుషుల నెత్తిమీద ఫ్యాను తిరగని ఆఫీసులో మిషన్ చల్లగా కూర్చుంది. వేలు పెడితే ఆడగొంతుతో పేరు పిలిచేది. ఆ గొంతు మా వైపుది కాదు.

మా దగ్గర ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. ఆకు చుట్టీ చుట్టీ వేలిమీది గీతలు అరిగిపోతాయి. ఈ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, మిషన్ కొన్నవాళ్ళకు తప్ప. పేర్లు ఎక్కించేటప్పుడు పదకొండుమంది వేళ్ళను అది చదవలేదు. మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే "ఈ వ్యక్తి లేరు" అనేది. మరునాడు పెద్దాఫీసరు చూడడానికి వస్తాడు, ఒక్క పేరు కూడా ఖాళీ ఉండొద్దని మా సారు చెప్పి వెళ్ళిపోయాడు. నేను ఆ పదకొండు పేర్లకూ నా వేలే పెట్టాను. చివరి పేరు లచ్చవ్వది. "నమస్కారం లచ్చవ్వ గారూ" అంది మిషన్, నాతో.

రెండు నెలలు నా వేలు పెట్టి వాళ్ళ పింఛన్లు వాళ్ళకే ఇచ్చాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మూడో నెల హైదరాబాద్ నుంచి కాగితం వచ్చింది. పదకొండుమందిదీ ఒకటే వేలు, అందరూ బోగస్, పేర్లు కొట్టేశాం అని. ఆ వేలు ఎవరిదని సారు నన్ను పిలిచి అడిగాడు.

అప్పుడు చెప్పి ఉంటే? ఉద్యోగం పోయేది, అంతే కదా? భయపడ్డాను, నిజమే. కానీ భయపడ్డ ప్రతివాళ్ళూ ఇంకొకరి పేరు చెప్పరు. నేను చెప్పాను. లచ్చవ్వ అనే ముసలామె అందరి పేర్ల మీదా తన వేలు పెట్టి ఉంటుందన్నాను. ఆ పేరే ఎందుకు చెప్పాను? ఆమె తరఫున అడగడానికి ఎవరూ లేరని తెలుసు కాబట్టి. సారు ఏమీ పరీక్షించలేదు. ఆ వారమే తెలంగాణ కోసం ఉద్యోగుల సమ్మె మొదలైంది.

ఆఫీసువాళ్ళందరూ నిరసనగా రోడ్డు మీద వంటావార్పులో ఉన్నారు. బస్సులు లేవు. కాంట్రాక్టుదాన్ని కాబట్టి ఆటో పట్టుకుని వచ్చి ఆఫీసు తెరిచేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం, ఖాళీ కుర్చీల మధ్య నుంచి లచ్చవ్వ నడిచి వచ్చింది.

"నేను దొంగనంటున్నరు గదా బిడ్డా. నీ మిషిని నా ఏలు ఒక్కనాడన్న పట్టిందా?"

"ఏమో అవ్వా. పైనుంచి గట్లనే అచ్చింది."

"మరి నా పేరు మీద ఏలు వెట్టిందెవరు?"

నేను చున్నీ కొసలో చేయి చుట్టుకున్నాను. ఆమె నా చేతినే చూసి వెళ్ళిపోయింది. తెలిసిందా ఆమెకు? ఈ ప్రశ్నతోనే నేను ముసలిదాన్నవుతున్నాను.

సమ్మె అయిపోయాక తక్కిన పదిమందిని మళ్ళీ పాత స్టాంపు ప్యాడు రిజిస్టరులో ఎక్కించారు. దొంగ అని లచ్చవ్వను ఎక్కించలేదు. పింఛను లేక ఆమె బీపీ గోలీలు కొనడం మానేసిందని, చనిపోయాకే నాకు తెలిసింది.

కాగితం మీద కొట్టేసినా, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మిషన్ తనలో చివర ఎక్కిన పేరును పిలిచేది. "లచ్చవ్వ గారూ, మీ వేలు ఉంచండి." ఆమె చనిపోయిన వారంలో అది మొదటిసారి పిలిచినప్పుడు నేను తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. అది మళ్ళీ పిలిచింది. మళ్ళీ. వైర్లు పీకినా బ్యాటరీ మీద పిలుస్తూనే ఉంది. లేచి వెళ్ళి నా వేలు పెట్టాను. "ధన్యవాదాలు లచ్చవ్వ గారూ" అని ఊరుకుంది. దాన్ని తుక్కు కింద తీసుకుపోయేదాకా, రోజుకు రెండుసార్లో మూడుసార్లో, నేను లచ్చవ్వను.

రాష్ట్రం వచ్చింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఇక అడగరు. క్షమించమని మిమ్మల్ని కోరను. అది మీ చేతుల్లో లేదు. ఇది రాస్తూ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఇందాక ఒకసారి పైకే అన్నాను: అవ్వా, దొంగవు నువ్వు కాదు, నేను. చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి నిండుగా ఆడింది.