గొడుగు గుడ్డ కింది తెర

మొన్న వేసవిలో రాజమండ్రి బస్టాండు బయట ఎండకు తాళలేక పాత నల్లగొడుగు విప్పాను. కాసేపటికి గుడ్డ కాగి ఒక వాసన వచ్చింది. కొంచెం దుమ్ము, కొంచెం ఎప్పటిదో వాన, ఇస్త్రీపెట్టె కింద బట్ట వాసన. ఆ వాసన నాకు దానియేలు గారిది. ఆయన గొడుగు వేసుకుని తిరిగిన మనిషి కాదు. మంచి గొడుగొకటి విప్పదీసి, ఊచలు పారేసి, ఆ గుడ్డను టీవీ తెరకు ముసుగుగా కుట్టించిన మనిషి.

ఆయన మా వార్తా చానెల్‌కు రాజమండ్రి ఆఫీసులో సీనియర్ కెమెరామన్. అంతకుముందు చాలా ఏళ్ళు భీమవరంలో ఫోటో స్టూడియో నడిపారు. నేను కేబుల్ టీవీ వైర్లు లాగే పని వదిలేసి, ముప్పయ్యేళ్ళు దాటాక ఆయన దగ్గర చేరాను. ఇంటర్ తప్పినవాణ్ణి. కానీ తణుకు శాఖా గ్రంథాలయంలో కరెంటు గురించి, బొమ్మ గురించి, వెలుగు గురించి ఉన్న పుస్తకం ఏదీ వదలలేదు. ఆ సంగతి మొదటి వారంలోనే ఆఫీసులో అందరికీ తెలిసేలా చూసుకున్నాను. అప్పటినుంచి దానియేలు గారు నన్ను “మాస్టారూ” అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపులో ఎగతాళి ఎంతో, మన్నన ఎంతో నాకు చాలాకాలం తెలియలేదు.

ఆయనకు ఒక అలవాటుండేది. ఏ లైవ్ ప్రసారమైనా, అవ్వగానే భీమవరంలో ఇంటికి ఫోన్ చేసేవారు. భార్య గ్రేసమ్మ గారు బడిలో టీచరు చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఉన్నది పాత టీవీ, దాని మీద కాస్త పసుపు జీర. ఆయన అడిగేది ఒక్కటే మాట: “కనిపించిందా?” ఆవిడ తాను చూసింది చూసినట్టు చెప్పేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి హైదరాబాదు ఆఫీసు మూడు చిన్న మానిటర్లు పంపింది. లైవ్ దగ్గర కెమెరా పక్కన పెట్టుకుని, బొమ్మ ఎలా వెళ్తోందో చూసుకునే తెరలవి. ఒకటి ఉంచుకుని, ఎందుకు ఉంచుకున్నారో రాసి, మిగతా రెండూ తిప్పి పంపమన్నారు. ఆ పని నాకు పండగ. బొమ్మలో గీతల లెక్క, వెలుగు లెక్క, బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందన్నదీ పట్టిక గీసి నాలుగు పేజీలు రాశాను. నా లెక్కలో మొదటిది పెద్ద తెర ఉన్న కొత్తరకం. దాన్ని ఆన్ చేస్తే గదిలో అందరూ “అబ్బ!” అన్నారు.

దానియేలు గారు నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివారు. “బాగా రాశారు మాస్టారూ. ఇందులో ఎండ ఎక్కడుంది?” అని అడిగారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం మూడింటినీ మోయించి, గోదావరి గట్టు మీద వెంకాయమ్మ గారి టీ కొట్టుకు తీసుకెళ్ళారు. ఆవిడ టీ వడబోస్తుంటే ముఖం షూట్ చేసి, ఆ టేపు మూడు తెరల మీదా, కొట్టులో బల్ల మీదున్న ఆవిడ సొంత టీవీలోనూ వేశారు.

“ఏదండీ బాగుంది?” అని అడిగారు.

వెంకాయమ్మ గారు నేను మెచ్చిన పెద్ద తెరే చూపించారు. “ఇందులో తెల్లగా ఉన్నానండి. మా ఆయన చూసినా పోల్చుకోలేడు.”

“చూశారా మరి!” అన్నాను నేను.

“విన్నాను. అది మనిషిని పొగుడుతోందండి. పొగిడేవాణ్ణి పక్కన పెట్టుకుంటే మన తప్పు మనకి ఎవడు చెప్తాడు?” అని ఆయన మూడింట్లోకీ చిన్నదీ వెలవెలబోయేదీ తీసి వెంకాయమ్మ గారి టీవీ పక్కన పెట్టారు. రెండు ముఖాలూ ఒకలాగే ఉన్నాయి. “చూసేవాళ్ళ ఇళ్ళల్లో ఉండేది ఈ టీవీయే. నాకు దీని చుట్టం కావాలి” అన్నారు.

నా ముఖం చిన్నబోయింది. అది గమనించి కాబోలు, “ఇంకో నెల మీదీ నాదీ రెండూ వాడదాం, తర్వాత రాద్దాం” అన్నారు. ఎండ పడకుండా గొడుగు గుడ్డ ముసుగు మాత్రం చిన్నదానికే కుట్టించారు.

ఆ నెల తిరక్కుండానే వరద వచ్చింది. లంక గ్రామాల వాళ్ళను పడవల్లో తెచ్చి, గట్టు కింద బడిలో పెట్టారు. అక్కడ నూకరత్నం అనే ఆవిడ ఓ ఫోటో పట్టుకుని ఎదురైనవాళ్ళనల్లా అడుగుతోంది. వాళ్ళ నాన్నకు పుట్టినప్పటినుంచీ మాట రాదు. ఆ తొక్కిసలాటలో వేరే పడవ ఎక్కించారు. ఏ ఊళ్ళో దించారో తెలియదు. ఆయన పేరు ఆయన చెప్పుకోలేడు. రెండు రోజులైంది.

హైదరాబాదు రెండు నిమిషాల లైవ్ ఇచ్చింది. సరిగ్గా అప్పుడే గట్టు మీద బొమ్మ పంపే మా వ్యాన్‌కు సిగ్నలు ఊగుతోందని దానియేలు గారు అటు పరుగెత్తారు. “మాస్టారూ, కెమెరా దగ్గర మీరుండండి!”

మొదటిసారి కెమెరా నా చేతికి వచ్చింది. మబ్బు విడి ఎండ ఫెళ్ళున కాసింది. పక్కన నా పెద్ద తెరే పెట్టుకున్నాను. ఎండకు అందులో ఏమీ కనిపించక, దాని వెలుగు పూర్తిగా పెంచాను. పెంచేసరికి నూకరత్నం ముఖం తెల్లగా పాలిపోయినట్టు కనిపించింది. అందుకని కెమెరాలోకి వచ్చే వెలుగు తగ్గించాను. తెర మీద బొమ్మ చక్కగా కుదిరింది. ఆవిడ గుండె కరిగేలా మాట్లాడింది. ఫోటో ఎత్తి చూపించింది. నా కళ్ళు చెమర్చాయి.

దానియేలు గారు తిరిగొచ్చి ఇంటికి ఫోన్ చేశారు. “కనిపించిందా?” అన్నారు. చాలాసేపు విన్నారు. ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు.

“మాట వినపడింది గానీ నాయనా, మనిషి నల్లగా నీడలా ఉంది. ఫోటోలో ఎవరున్నారో అసలు తెలీలేదు” అన్నారు గ్రేసమ్మ గారు.

తెర వెలుగు పెంచుకుని, దాన్ని నమ్మి కెమెరా వెలుగు తగ్గించడంతో అసలు బొమ్మ చీకటైందని అప్పుడు అర్థమైంది. అలా చేయకూడదని నేను చదివాను కూడా. ఏ పుస్తకంలో, ఏ వైపు పేజీలో ఉందో చెప్పగలను. తిడతారని తల దించుకు నిలబడ్డాను. ఆయన ఇంకోసారి లైవ్ ఇమ్మని హైదరాబాదుకు ఫోన్ చేశారు. కుదరదన్నారు. మళ్ళీ చేశారు. మూడోసారికి తర్వాతి బులెటిన్‌లో ఒక్క నిమిషం ఇచ్చారు.

“వెళ్ళి ఆవిడకి చెప్పండి, తప్పు మనదని. కెమెరా దగ్గర మళ్ళీ మీరే ఉండాలి” అన్నారు.

“నేనా? వద్దండి...”

“ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ ఉండలేరు మాస్టారూ.”

నూకరత్నం దగ్గరకెళ్ళి, “మీ నాన్నగారి ఫోటో కనపడలేదమ్మా, నా పొరపాటే” అన్నాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. “ఇందాక బాగానే చెప్పానా అండి? మళ్ళీ అలా రాదేమోనండి” అంది భయంగా. ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఆవిడ అన్నట్టే అయింది. రెండోసారి ఆవిడకు మాట పెగలలేదు. దానియేలు గారు పక్కనే నిలబడి, “మాట్లాడక్కర్లేదమ్మా. ఫోటో కాస్త కిందికి వంచి పట్టుకో, మెరుపు పోద్ది. అంతే, అలా ఉంచు” అన్నారు. ఆయన గొంతు స్టూడియోలో పసిపిల్లను కూర్చోబెట్టేటప్పటిలా ఉంది. నేను గొడుగు గుడ్డ ముసుగులోకి తల దూర్చాను. లోపల చీకటి, ఉక్క, కాగిన గుడ్డ వాసన. ఆ చీకట్లో చిన్న తెర మీద ఓ ముసలాయన ముఖం ఏ పొగడ్తా లేకుండా నిలిచి ఉంది. ఒక నిమిషం ఊపిరి బిగబట్టి దాన్ని అలాగే ఉంచాను.

ఈసారి ఫోన్ నా చేతికే ఇచ్చారు. “కనిపించిందాండి?” అని అడిగాను.

“తెల్లమీసం, రెండు చెవులకీ పోగులు, భుజం మీద తువ్వాలు” అన్నారు గ్రేసమ్మ గారు, పాఠం అప్పజెప్పినట్టు.

సాయంత్రం అవుతుండగా, ఏటి అవతల కల్యాణమండపంలో వరదబాధితులకు వండిపెడుతున్న ఒకాయన ఆఫీసుకు ఫోన్ చేశారు. “గంజి కూడా తాక్కుండా గుమ్మం దగ్గరే కూర్చున్న పెద్దాయనొకరు ఉన్నారండి. చెవులకి పోగులున్నాయి. మా వంటింట్లో డొక్కు టీవీలో ఆ ఫోటో చూశామండి.” డొక్కు టీవీ అన్న మాట దగ్గర దానియేలు గారు నావైపు చూసి కనుబొమలు ఎగరేశారు.

పెద్ద తెర తిప్పి పంపేటప్పుడు నా నాలుగు పేజీలూ చింపేశాను. కారణం ఒక్క వాక్యంలో రాశాను: ‘చిన్నది ఎండలో మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తోంది.’ దానియేలు గారు చదివి, కింద తన సంతకం కూడా పెట్టారు.

పుస్తకాల మీద నాకు గౌరవం తగ్గలేదు. ఇప్పటికీ లైబ్రరీకి వెళ్తాను. కానీ చదివింది నిజంగా తెలిసిందో లేదో ఎక్కడ చూసుకోవాలో ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఎక్కువకాలం లేరు. గుండె ఆగి పోయారు. భీమవరంలో సమాధి చేసి వచ్చిన వారానికి, రొయ్యల రైతుల ధర్నా దగ్గర నాకు లైవ్ పడింది. ముసుగులోంచి తల తీసి, చెమట తుడుచుకుంటూ, ఆయన అలవాటే నాకూ వచ్చి, ఆయన ఇంటి నంబరు నొక్కేశాను. అవతల మోగుతుండగా గుర్తొచ్చింది, ‘కనిపించిందా’ అని అడగమనే ఆయన లేరని. పెట్టేద్దామనుకునే లోపలే గ్రేసమ్మ గారు ఎత్తారు. ఆవిడ నన్ను అడగనివ్వలేదు.

“కనిపించింది మాస్టారూ. ఎర్ర తువ్వాలాయన కంట్లో నీళ్ళు కూడా” అన్నారు.