పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే

2016 వానాకాలంలో బరంపురం లంజిపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను సీనియర్ రేడియోగ్రాఫర్‌ని. సీనియర్ అంటే, ఎక్స్‌రే గదిలో ఉన్న ఇద్దరిలో పెద్దవాణ్ణి.

ఆ ఏడాదే మా దగ్గర మొదటిసారి నడుముకు కృత్రిమ డిస్కు వేయబోయారు. వెన్నుపూసల మధ్య అరిగిన మెత్తని బిళ్లను తీసి, కదిలే లోహపు బిళ్ల పెట్టడం. పూస జారుతున్నవాళ్లకు అది పెట్టకూడదు. జారుతోందో లేదో తేల్చడానికి రోగిని నిలబెట్టి, ముందుకూ వెనక్కూ వంచి ఎక్స్‌రేలు తీయాలి.

రోగి ఎర్రయ్య, గోపాలపురం వైపు సముద్రంలో వల లాగే మనిషి. ఆపరేషన్‌కు ముందురోజు తప్పు పట్టుకుని, సర్జన్ బల్ల మీద ఫిల్ములు విసిరికొట్టి ఆపించింది నేనే. పెళ్లిళ్లలో, సన్మానాల్లో ఈ కథ ఇలాగే చెప్పాను. అబద్ధం.

ఎర్రయ్య నిలబడలేక మూలిగాడు. బయట వరస పెరిగింది. బల్ల మీద పక్కకి పడుకోబెట్టి, కాస్త ముడుచుకోమని తీసి, ఫిల్ము మీద ‘నిలబెట్టి’ అని రాసేశాను. మాకది అలవాటే. సర్జన్ ఆ రాత చూసి సరేనన్నాడు, ఒక్క మాట అడగలేదు. డిస్కు కంపెనీ మనిషి పెట్టెతో సిద్ధం. ముగ్గురం కలిసి ఒక మనిషి నడుము పాడుచేయబోయాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆపరేషన్‌కు ముందురోజు అతని భార్య నూకమ్మ నన్ను ఎక్స్‌రే గది గుమ్మంలోనే నిలదీసింది.

“ఓ బాబూ, మా మావని పడుకోబెట్టి ఫోటో తీసీసినావు. ఒంగి వల లాగితే గదా నొప్పి! పడుకుని వల లాగుతాడేటి?”

“నువ్వేమైనా డాక్టరువా?” అని కసిరాను.

“కాను. బడా బజార్‌లో సేపలమ్ముతాను. మొప్ప ఎత్తి సూడకుండా నాకాడ ఎవులూ కొనరు. నువ్వేటి ఎత్తి సూసినావు, సెప్పు?”

ఆమెదే తప్పని చూపించాలన్న కోపంతోనే ఎర్రయ్యను ఆమె భుజం ఆసరాగా నిలబెట్టి, వంచి తీశాను. నాలుగో నడుము పూస ఐదోదాని మీద ముందుకు జారి కనబడింది.

రెండు ఫిల్ములూ సర్జన్ బల్ల మీద పెట్టి, మొదటిది పడుకోబెట్టి తీసిందని గొణిగాను. విసరలేదు. ఆయన నన్ను నానా మాటలూ అన్నాడు. తనను తాను మాత్రం ఏమీ అనుకోలేదు. ఆపరేషన్ రద్దయింది. ఎర్రయ్యకు బెల్టు, వ్యాయామాలు రాశారు. కేసు కాగితంలో నూకమ్మ పేరు ఆయనా రాయలేదు, నేనూ రాయలేదు.

ఎలా తీశామో ఫిల్ము మీద అలాగే రాయాలి. శిక్షణలో మొదటి వారమే చెప్పిన మాట. నాకు అది తలకెక్కడానికి ముప్పై ఏళ్ల ఉద్యోగమూ, ఒక చేపలమ్మే మనిషి నోరూ కావలసివచ్చాయి.