పేరు పెట్టి పిలిచిన గొంతు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి అవతలికి పోయే రకాన్ని. బీఎస్సీ లెక్కలు చదివినదాన్ని, ఇలాంటివి నాకు చెప్పొద్దు అనేదాన్ని. అందుకే ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా భయంతో చెప్పడం లేదు, కడుపు మండి చెబుతున్నాను.

ఎనభైల చివర్లో, ఆసుపత్రులకు కంప్యూటర్ ప్రోగ్రాములు చేసే ఒక పెద్ద హైదరాబాదు కంపెనీ నంద్యాలలో ఒక లాడ్జిలో ఇంటర్వ్యూలు పెట్టింది. మాది ఆళ్లగడ్డ. పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. టై కట్టుకున్న మేనేజరు ఒకటే అడిగాడు: "నంబరు పిలిచినా రోగి రాకపోతే ఏం చేస్తారు?" "పేరు పెట్టి పిలుస్తాను సార్" అన్నాను. అక్కడున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. అయినా ఉద్యోగం ఇచ్చారు, ఈ ప్రాంతం మనిషి కావాలి కాబట్టి.

నంద్యాలలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వేశారు. అక్కడ అంతవరకూ రోగులను పిలిచేది ఏసేపన్న. ముందు ఊరు, తర్వాత పేరు, చివర సాగదీసి ఒక పిలుపు. "గోస్పాడు మరియమ్మా... రామ్మా!" అంటే హాలు చివర నిద్రపోయే ముసలమ్మ కూడా లేచి వచ్చేది. చదువు రానివాళ్లు ఆ గొంతునే నమ్ముకుని కూర్చునేవాళ్లు.

కంపెనీ ఆయన్ను తీసేయించింది. గంట మోగుతుంది, బోర్డు మీద ఎర్రటి నంబరు వెలుగుతుంది, చాలన్నారు. గంట మోగినా లేవనివాళ్ల నంబరును ప్రోగ్రాం అందరి వెనక్కి తోసేస్తుంది. పేరుకు అందులో చోటే లేదు. కౌంటరులో వయసు అడిగి నంబరు చీటీ ఇస్తారు, పేరు లోపల డాక్టరు రాసుకుంటాడు. రోగులేమన్నా గొర్రెలా, నంబర్లేసి తోలడానికి? ఆ మాటే మేనేజరును అడిగాను. "మీ పని మీరు చూసుకోండి" అన్నాడు.

ఏసేపన్న కొన్నాళ్లు ఊరికే వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. "నేను పిలవకుంటే వీళ్లకు యాడికి పోవల్లో ఎట్ల తెలుస్తాదమ్మా?" అనేవాడు. వాచ్‌మన్‌తో గెంటించారు. ఆ ఎండాకాలమే పోయాడు. సమాధుల తోటలో మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కాబట్టి ఆయన బతికే ఉన్నాడేమో అని ఎవరూ నాతో అనొద్దు.

వానలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం. కంప్యూటర్ గదిలో ఏసీ మోత, తలుపులు బిగించి ఉన్నాయి. దుమ్ము పడుతుందని చెప్పులు బయటే విప్పించేవాళ్లు. నేను మిషన్ ముందు ఉన్నాను, పక్కన మేనేజరు ఉన్నాడు.

"ఆళ్లగడ్డ ఓబులేసప్పా... రాప్పా!"

అదే గొంతు. అదే సాగదీత. ఓబులేసు మా నాయన పేరు.

మేనేజరు తలెత్తనే లేదు. నేను ఉత్త కాళ్లతో హాల్లోకి పరిగెత్తాను. మూల బెంచీ మీద నాయన గోడకు ఒరిగి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, పిడికిట్లో నంబరు చీటీ. ఆయన వచ్చిన సంగతే నాకు తెలియదు. గుండెనొప్పి అని చెబితే కొత్త ఉద్యోగంలో నేను కంగారు పడతానని తానే బస్సెక్కి వచ్చాడట. బోర్డు చదవడం ఆయనకు రాదు. ఆయన నంబరు ఎప్పుడో దాటిపోయింది. కేకలేసి డాక్టరును బయటికి లాక్కొచ్చాను. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆ డాక్టరే అన్నాడు.

తేరుకున్నాక నాయన అన్న మాట ఇది: "ఎవురో పిలిచినాడు గదమ్మా. లేద్దామంటే కాళ్లు రాల్యా."

హాల్లో ఇంకెవరూ వినలేదు. మేనేజరు అయితే "మీ భ్రమ" అన్నాడు. చావబోయిన మనిషి ఎట్లా ఉన్నాడని అడగలేదు, గది తలుపు తీసి వదిలేశానని తిట్టాడు. "భ్రమ అయితే అయింది, నీ ప్రోగ్రాం మా నాయనను చంపబోయింది నిజం కాదా?" అని అందరి ముందూ కడిగేశాను. ఉద్యోగం పోయింది. పోతే పోయింది.

ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. అర్థం కానిది కూడా అట్లాగే ఉంది. నాయన ఆ రోజు తన పేరు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. అంత పెద్ద ఆసుపత్రిలో ఆయన్ను పేరు పెట్టి పిలిచింది ఒక్కడే. వాళ్లు మెట్ల మీంచి గెంటేసినవాడు.