వావిలాకులు తేలిన చన్నీళ్లు

యుద్ధం రోజుల్లో, కిరసనాయిలుకు వరసలో నిలబడే కాలంలో నేను మాచర్లకు కాపురానికి వచ్చాను. ఇంటి పెద్దకోడల్ని అక్కా అని పిలిచేదాన్ని. చలికాలమంతా ఆమె నాకంటే చురుగ్గా తిరిగేది. ఎండలు ముదిరి, కళ్లంలో మిరపకాయలు ఎండి, రంగు పోయిన తాలుకాయలు ఏరే వేళకు సరిగ్గా ఆమె కాళ్లు మొద్దుబారేవి. ఒక కన్ను మసకేసేది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు.

“ఏందక్కా, మిరపకాయల కబురు నీ కాళ్లకి ముందే తెలిసిద్దా?” అనేదాన్ని.

“తెలిసిద్ది. నీకంటే తెలివిగలయ్యి” అని నవ్వేది.

ఆ నవ్వు చూసి దొంగజబ్బే అనుకున్నాను. తాలుకాయలన్నీ నా నెత్తిన పడ్డాయి మరి.

అత్తగారు వాతమని తేల్చేసింది. వాతానికి మా ఇళ్లలో ఒకటే వైద్యం, వావిలాకు వేసి సలసల కాచిన నీళ్లు పోయడం. పోసే పని నాది. “చన్నీళ్లు పొయ్యవే, వేడి తగిలితే కాళ్లు చచ్చుబడుతున్నయ్” అని అక్క మొత్తుకునేది. నాకు పదహారేళ్లు, వైద్యమంతా తెలుసు. ఇంకో రెండు మండలు వేసి మరింత కాచేదాన్ని. మూడోనాటికి ఆమె స్నానాల పీట మీంచి లేవలేకపోయింది. అత్తగారు బండి కట్టించి పుట్టింటికి పంపేసింది.

వానలు పడ్డాక అక్క నడుచుకుంటూ వచ్చింది. “చూశారా మా వావిలాకు!” అని అత్తగారు వీధంతా చెప్పుకుంది.

మరుసటి ఎండలకు కాళ్లు మళ్లీ మొరాయించాయి. “ఈసారి పంపితే మళ్లా తెచ్చుకునేది లేదు” అంది అత్తగారు. నాకు భయమేసింది. అక్క లేని ఆ ఇంట్లో నేనుండలేను. నీళ్లు కాచి తెస్తే, అక్క చెంబుతో కాసిని తీసి నా పాదాల మీద చల్లింది. ఎగిరి గంతేశాను.

“నీ కాళ్లు బానే లేచినయ్యే! నాకు మాత్రం చన్నీళ్లు పొయ్యి.”

ఆ రోజు నుంచి కాచిన ఆకులు తీసి కుండలోని చన్నీళ్ల మీద వేసేదాన్ని. అత్తగారు తొంగిచూస్తే ఆకులు కనిపించేవి, ఆవిడకు అది చాలు.

చాలా ఏళ్లకు ఒక నరాల డాక్టరు ఇదంతా విని, మల్టిపుల్ స్క్లెరోసిస్ అయ్యుంటుందన్నాడు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారితప్పి నరాల పైతొడుగును తినేస్తుందట. వేడి తగిలితే దెబ్బతిన్న నరాలు ఇంకా మొండికేస్తాయట. అన్ని చదువులు చదివి ఆయన చెప్పిన ఆఖరి ముక్క అక్క పీట మీద కూర్చునే చెప్పింది. మొదటి ఏడే వినలేదని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చన్నీళ్లకు పోయే జబ్బు కాదది, పోలేదు కూడా. కానీ ఆ వేసవి అక్క పీట మీంచి తనే లేచింది. బండి కట్టలేదు. తాలుకాయలు మాత్రం నేనే ఏరాను.