నాలుగు కాళ్ల దోమ

ఆ రోజుల్లో బస్తరు సంస్థానంలో చిన్న ఉద్యోగమంటే ముప్పాతిక వంతు నడకే. కోంటా దవాఖానాలో నేను చేరిన ఏడాది తలచుకుంటే ఇప్పటికీ మోకాళ్లు మూలుగుతాయి. అంతకుముందు నాటకాల వాళ్లకు తెరల మీద బొమ్మలు వేసేవాణ్ణి. (మొత్తం మూడు తెరలు వేశాను, మూడోది వానకు కారిపోయింది.) ఆ సంగతి విని డాక్టరు గారు దుప్పటంత గుడ్డ ఒకటి ఇచ్చి, "దీని మీద మలేరియా దోమను పెద్దగా వెయ్యి. సంతల్లో చూపించి, జ్వరం ఎందుకొస్తుందో చెప్పి, క్వినైను గోలీలు పంచు" అన్నారు. ఉత్త దోమను వేయడానికి నాకు మనసొప్పలేదు. నాటకాల్లో రాక్షసుడికైనా కిరీటం ఉంటుంది కదా. అందుకని రెక్కలకు నెమలి నీలం, పొట్టకు బంగారు రంగు పూసి, మెడలో హారం కూడా వేశాను. డాక్టరు గారు దాన్ని చాలాసేపు చూసి, "దోమను వెయ్యమన్నానా, పెళ్లికూతుర్ని వెయ్యమన్నానా?" అని నిట్టూర్చారు. మళ్లీ వేయించడానికి గుడ్డా లేదు, ఆయనకు ఓపికా లేదు. దాన్నే చుట్టి భుజాన పెట్టుకుని బయలుదేరాను.

ఏ సంతకు వెళ్లినా జనం మూగేవాళ్లు. బొమ్మ చూసి నవ్వుకుని, నేను చెప్పిందంతా విని, గోలీలు ముట్టకుండా ఉప్పు కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లు. ఒక సంతలో మాత్రం స్తంభాల తాత అని ఒకాయన కదిలేవాడు కాదు. పోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టే కొయ్య స్తంభాల మీద ఏనుగుల్నీ పక్షుల్నీ చెక్కే దోర్లా తెగ ముసలాయన. మూడు వారాలు వరుసగా వచ్చి, బొమ్మ ముందు గొంతుక్కూర్చుని, తేరిపార చూసి, ఏమీ అనకుండా పోయాడు. నా చేతిపని విలువ తెలిసినవాడు ఒక్కడైనా దొరికాడని లోలోపల ఉబ్బిపోయాను. (ఎంత అలసిపోయినా ఉబ్బడానికి మాత్రం ఓపిక ఉండేది.) నాలుగో వారం ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఎట్లుంది తాతా బొమ్మ?"

"రంగులు మంచిగున్నయ్ అయ్యా. గని దోమకు ఆరు కాళ్లుంటయ్. నువ్వు నాలుగే ఏసినవ్."

లెక్కపెట్టాను. నాలుగే. తెరల మీద జింకల్నీ పులుల్నీ వేసిన చేయి అలవాటు కొద్దీ నాలుగు దగ్గర ఆగిపోయింది. డాక్టరు గారు కూడా హారం చూశారు గాని కాళ్లు చూడలేదు.

"మొదటి వారమే చెప్పొచ్చు కదా తాతా," అన్నాను నీరసంగా.

"సర్కారోళ్లకు మేమెట్ల జెప్తం? నా మనవరాలు రోజిడిసి రోజు జరంతోటి వణుకుతాంది. గోలీ ఇయ్యాల్నా వద్దా అని అంగడి అంగడికి వచ్చి చూస్తున్న. దోమ కాళ్లే సరిగ జూడనోడు మా జరం ఏం జూస్తడు అనిపిచ్చింది."

నేను మెప్పనుకుని మురిసిన ఆ మూడు వారాలూ ఆ పిల్ల మంచం పట్టి ఉంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుని, పక్కన టీ కాచే పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క తెచ్చి ఆయన చేతికిచ్చి, "నువ్వే వెయ్యి తాతా" అన్నాను. తాత రెండు కాళ్లు గీశాడు. అడక్కుండానే హారం మీద అడ్డంగా గీసి దాన్ని కొట్టేశాడు. (అదొక్కటీ కాస్త బాధేసింది.) వెనక్కి జరిగి చూసి, "ఇగ ఇది మా దోమనే" అని చేయి చాచాడు. గోలీలు ఎప్పుడెప్పుడు వేయాలో రెండుసార్లు చెప్పించుకుని తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. ఆయన వెనక ఇంకో పదిమంది చేతులు చాచారు.

రెండు వారాల తర్వాత ఆ పిల్ల తాత భుజాలెక్కి సంతకు వచ్చింది. కిందికి దిగి, నన్ను పలకరించకుండా ముందు బొమ్మ దగ్గరికి పోయి, వేలు పెట్టి కాళ్లు లెక్కపెట్టుకుంది.

ఇప్పుడు నాకు కళ్లు సరిగ్గా ఆనవు. అయినా చేతి మీద దోమ వాలితే కొట్టబోయి ఆగి, కాళ్లు లెక్కపెడతాను. నాలుగు దాకా వచ్చేసరికి అది తన పని కానిచ్చుకుని వెళ్లిపోతుంది.