గుడి తలుపులు మూసి ఉండే నెలలో

ఈ వయసులో ఆడమనిషి ఊరు దాటితే దేవుడి కోసమే దాటాలి. ఎవరూ రాసిపెట్టలేదు కానీ, మా నరసన్నపేట చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా అదే మాట. హిమాచల్‌లో ఒక కొండ ఊరికి వెళ్తానని చెప్పినప్పుడు నా కొడుకు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే.

"అక్కడ ఏ దేవుడున్నాడమ్మా?"

"దేవుడి కోసం కాదురా. మంచు కింద పొలం ఎలగుంటాదో సూడ్డానికి."

వాడు టీవీ కట్టేసి నా వైపు తిరిగి కూర్చున్నాడు.

మా వీధిలో నాకు మరిది వరసయ్యే ఒకాయన ఉన్నాడు. ఆర్మీలో పని చేసి వచ్చాడు. కళ్ళంలో ధాన్యం ఎండబెడుతుంటే ఒకసారి వచ్చి కూర్చుని, తాను ఉద్యోగం చేసిన కొండల గురించి చెప్పాడు. అక్కడ శీతాకాలమంతా పొలం మంచు కింద ఉంటుందట. దున్నేది లేదు, చల్లేది లేదు. మనుషులు పొయ్యి దగ్గర కూర్చుని ఉన్ని వడుకుతారట. పెసలు కూడా చల్లరా అని రెండుసార్లు అడిగాను. చల్లరన్నాడు.

మా పొలానికి అలాంటి నెల ఒక్కటీ లేదు. నేను ఏటా గోడ మీది క్యాలెండర్‌లో తేదీలు వేస్తాను. ఆకుమడిలో నారు పోసిన రోజు, ఉభాలు, అంటే నాట్లు, మొదలైన రోజు, కోత పడిన రోజు. వరి ఇంకా నిలబడి ఉండగానే తడి నేల మీద పెసలు, మినుములు చల్లేస్తాం. అవి తీశాక నువ్వులు. ఎండల్లో పొలానికి పెంట ఎరువు తోలకం. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఖాళీ నెల అంటూ నాకు కనబడలేదు. నేల పడుకుని ఉండగా ఒక్కసారి చూడాలనిపించింది. డబ్బు నాదే, దారి ఖర్చులు లెక్క వేస్తే సరిపోయింది. దాని గురించి ఇంకెవరూ మాట్లాడక్కర్లేదు.

అక్కడ తమ ఇంట్లోనే గది అద్దెకిచ్చే ఒకావిడ నంబరు మరిదే సంపాదించాడు. ఫోను మధ్యలో పెట్టుకుని నేను అడగడం, ఆయన హిందీలో చెప్పడం. ఆవిడ నాలుగు కాలాలూ చెప్పింది. చలి విరిగాక ఆపిల్ తోటలు పూస్తాయి. ఎండాకాలం బఠాణీ, బంగాళాదుంప. తరవాత ఆపిల్ కోతలు, ఆకులన్నీ పసుపు రంగుకి తిరిగి రాలడం. ఆపైన మంచు.

"మంచు ఏ తేదీకి పొలం మీంచి పోతాదో అడుగు," అన్నాను.

"అదేటి వదినా, అద్దెకున్నోడా, తేదీకి కాళీ సేసీడానికి?" అని నవ్వి, అలాగే అడిగాడు. ఆవిడ కూడా నవ్వింది. అది పోయినప్పుడు పోతుందంది. అలాంటి జవాబు నాకు నచ్చదు. మళ్ళీ అడిగించాను. శివరాత్రి వెళ్ళిన వారంలో వస్తే పొలాల మీద మంచు ఉంటుందని, దారి కూడా తెరిచి ఉండొచ్చని, కానీ ఆ రోజుల్లో చూడ్డానికి ఏమీ ఉండదని చెప్పింది.

"పూతప్పుడు ఎల్లు వదినా. అందరూ అప్పుడే ఎల్తారు," అన్నాడు మరిది.

"అందరూ ఎల్లినప్పుడు నానెందుకు?"

బొబ్బిలిలో ఉండే మా చెల్లెలు నాతో వస్తానంది. సంతోషించాను. పది రోజులు తిరక్కుండానే సంచి ఒకటి పట్టుకుని దిగింది. సంచి నిండా పసుపు గుడ్డల మూటలు. వాళ్ళ వీధి వాళ్ళు ఇచ్చిన ముడుపులు. అప్పాచెల్లెళ్ళం బదరీనాథ్ వెళ్తున్నామని అందరికీ చెప్పేసిందట.

"బదరీ అని నీకెవరు సెప్పేరే?"

"కొండలు, మంచు అన్నావు కదప్పా. బదరీ కాక మరేటి?"

"అది వేరే రాష్ట్రం. పైగా శీతాకాలం ఆ గుడి మూసుంటాది. మంచు పోయాకే తలుపులు తీస్తారు."

ఆమె సంచి పక్కన పెట్టింది. "అయితే తీసాకే ఎల్దాం."

నా కొడుక్కి ప్రాణం లేచి వచ్చింది. వేసవిలో మన పేట నుంచే యాత్ర బస్సు ఉందని, వంటవాళ్ళు కూడా వస్తారని, పొలం పని కూడా కాస్త తక్కువేనని వరసగా చెప్పుకొచ్చాడు. "ఇద్దరూ ఎల్లండి. దేవుణ్ణీ సూసినట్టుంటాది, కొండల్నీ సూసినట్టుంటాది."

"మంచుండదు."

"దూరంగా కొండ మీద కనిపిస్తాదమ్మా."

"కొండ మీద మంచు క్యాలెండర్ బొమ్మలో ఉన్నాది. నాకు పొలం మీద కావాల."

చెల్లెలికి కోపం వచ్చింది. "ఇంత వయసొచ్చి దేవుడొద్దంటావేటప్పా? ఇన్ని ముడుపులు నానేటి సెయ్యాల?"

"దేవుడొద్దని నానెప్పుడన్నాను? శివరాత్రికి శ్రీముఖలింగం ఎల్లి, దండం పెట్టుకునే రైలెక్కుతాను. ముడుపులు నువ్వు ఒప్పుకున్నావు, నువ్వే పట్టికెల్లు. బస్సులో సీటు రాయించుకో."

బదరీ వెళ్తున్నానని ఒక్క మాట అనేసి, నా దారిన నేను వెళ్ళొచ్చు కదా అని మరిది మెల్లగా చెవిలో వేశాడు. ఎవరూ వెంటపడి చూడరన్నాడు. నిజమే. కానీ పొలం చూడ్డానికి వెళ్తూ దేవుడి పేరు చెప్పడం నాకు చేతకాదు. తప్పు పని చేస్తే కదా సాకు కావాలి.

చెల్లెలు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. సంచి తీసుకునే వెళ్ళింది. మరిది ఆమదాలవలస స్టేషన్ నుంచి నాకు ఒక్కదానికే టిక్కెట్టు తీశాడు. ఢిల్లీలో ఆయన పాత ఆర్మీ స్నేహితుడు కొండ బస్సు ఎక్కిస్తాడు. తిరుగు టిక్కెట్టు కూడా అప్పుడే తీయించాను.

నా కొడుకు టిక్కెట్టు చేతిలోకి తీసుకుని తేదీ చూశాడు.

"పెసల కోత టైముకే ఎల్తన్నావు."

"తెలుసు."

"వీధిలో అడిగితే ఏటి సెప్పమంటావు?"

"పొలం సూడ్డానికి ఎల్లిందని సెప్పు."

"అక్కడ మనకి పొలమేటుందమ్మా?"

"లేదు గాబట్టే ఎల్తన్నాను. ఉన్నదానికి నువ్వున్నావు. పెసరకాయ ఎండి పేలిపోకముందే కోతకి మనుషుల్ని పిలుసుకో."